మా పేర్లకు స్పెల్లింగులు ఎవరు పెట్టారు?

పాస్‌పోర్టులో ఉన్న పేరుకీ వీసా కాగితం మీద ఉన్న పేరుకీ ఒక్క అక్షరం కుదరకపోతే ఆఫీసు భాషలో దాన్ని 'మిస్‌మ్యాచ్' అంటారు. మా ఇళ్లలో 'పేరు తప్పు పడింది' అంటాం. ఈ రెండు మాటలకీ మధ్య చాలా దూరముంది. ఆఫీసు మాట ప్రకారం తప్పు మాది. కాగితాలు తెచ్చిన మనిషిది. మా మాట ప్రకారం తప్పు 'పడింది'. అంటే ఎవరో వేశారు. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు అన్నదే మేం ఇక్కడ మాట్లాడదలుచుకున్నది.

హనుమాన్ జంక్షన్ నుంచి ఈ సంగతి మాట్లాడటానికి కారణముంది. ఇది దారులు కలిసే చోటు. ఒక పక్క బెజవాడ, ఒక పక్క ఏలూరు, ఇటు నూజివీడు, అటు గుడివాడ మీదుగా బందరు. 2001లో ఇదే పేరుతో సినిమా వచ్చాక ఊరు చూడనివాళ్లకి కూడా పేరు తెలిసింది. కానీ మండలం కాగితాల్లో బాపులపాడు. ఇక్కడ పుట్టిన మనిషి పుట్టిన ఊరు ఏమని రాయాలో తేల్చుకోవడం దగ్గరే మొదటి తడబాటు. బస్టాండు చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో, నెట్ సెంటర్లలో కాసేపు నిలబడితే చాలు. కువైట్ నుంచో, దుబాయ్ నుంచో, డల్లాస్ నుంచో ఫోనులో మొగుడు స్పెల్లింగు చెబుతుంటాడు. ఇక్కడ పెళ్లాం పక్కన నిలబడి ఉంటుంది. కీబోర్డు ముందు కూర్చున్న కుర్రాడు కొడుతుంటాడు. ఆ ముగ్గురిలో తన పేరు ఎలా రాయాలో అడిగించుకోని మనిషి ఆ పేరుగల మనిషే.

ఒక పేరు తీసుకుందాం. మనిషి వద్దు, పేరు చాలు. షేక్ మస్తాన్‌బీ. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ పేరు లేని ముస్లిం వాడ ఉండదు. ఇప్పుడు ఈ పేరున్న ఆడమనిషి సంచిలో కాగితాలు ఒక్కొక్కటీ తీసి, ఒక కథనో కవితనో విమర్శకుడు చదివినట్టు చదువుదాం.

మొదటిది బడి రిజిస్టరు. అందులో ఎస్‌కె, ఒక చుక్క, తర్వాత మస్తాన్ బి. ఆ చుక్క పెట్టింది బడి పంతులు. రెండోది రేషన్ కార్డు, అంతా తెలుగులో, షేక్ మస్తాన్‌బీ. బహుశా సంచి మొత్తంలో ఇదొక్కటే ఆమె సొంతంగా చదివి 'ఇది నేనే' అనగలిగిన కాగితం. మూడోది ఆధార్. ఇంగ్లీషులో మస్తాన్‌లో 'టి' పక్కన 'హెచ్' చేరింది, బీ వచ్చి మస్తాన్‌కి అతుక్కుపోయింది. నాలుగోది నికానామా. ఖాజీ గారు ఉర్దూలో రాశారు, మస్తాన్ బీ, బిన్తె షేఖ్ ఫలానా. మా డెల్టాలో ఎక్కువమంది ఆడపిల్లలు తెలుగు మీడియంలో చదివినవాళ్లు. తన పెళ్లి కాగితం తను చదవలేదు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసింది. ఐదోది పాస్‌పోర్టు, ఆధార్‌లో ఉన్నట్టే. ఆరోది మొగుడి దగ్గర్నుంచి వచ్చిన వీసా. అక్కడి క్లర్కు ఫోనులో వచ్చిన మసక ఫొటో చూసి కొట్టాడో, నోటిమాట విని కొట్టాడో, 'హెచ్' ఎగిరిపోయింది. 'బీ'కి రెండు 'ఇ'లు వచ్చాయి.

ఆరు కాగితాలు, ఒకే మనిషి. లెక్క వేసి చూడండి. షేక్‌ను ఇంగ్లీషులో రాసే తీర్లు తక్కువలో తక్కువ ఐదు. మస్తాన్‌కి రెండు. బీకి మూడు. కలిపి రాస్తే ఒకటి, విడదీసి రాస్తే ఇంకొకటి. మొత్తం అరవై. అరవైలో ఏదీ తప్పు కాదు, ఏదీ దొంగ పేరు కాదు. అయినా కంప్యూటరుకి ఒక్కటే కావాలి.

మస్తాన్‌లో ఆ 'హెచ్' సంగతి చూడండి. దక్షిణాదిలో 'త' రాయాలంటే టీ పక్కన హెచ్ పెట్టడం అందరి అలవాటు. లత, గీత, సుజాత అందరూ అలాగే రాస్తారు. ఉత్తరాదివాళ్లు 'టి' ఒక్కటే రాస్తారు. అంటే మస్తాన్‌బీ పాస్‌పోర్టులో ఉన్న హెచ్ ఆమె ముస్లిం అయినందుకు రాలేదు, తెలుగుది అయినందుకు వచ్చింది. షేక్ చివర హెచ్ లేకపోవడం కూడా అంతే. బొంబాయి షేఖులు, హైదరాబాదు షేఖులు చివర్న కె పక్కన హెచ్ పెడతారు. మేం పెట్టం. మా నోట్లో ఆ ఖకారం లేదు. ఒక చోట హెచ్ ఎక్కువ, ఒక చోట హెచ్ తక్కువ, రెండూ తెలుగు నోటి గుర్తులే. ముస్లింలు ఈ నేల భాషలో కలవలేదని పాట పాడేవాళ్లు ఒకసారి మా పాస్‌పోర్టులు తెరిచి చూస్తే బాగుండు.

ఇక ఆ ఎస్‌కె చుక్క. మొహమ్మద్‌కి ఎండి చుక్క. బళ్లో హాజరు పట్టీలో గడి చిన్నది, పంతులుగారికి తీరిక తక్కువ. ఇంటిపేరు స్థానంలో అందరికీ ఒక అక్షరం వేస్తే మాకు రెండు వేశారు, అంతే తేడా అని సరిపెట్టుకోవచ్చు. కానీ మిగతావాళ్ల ఇంటిపేర్లు ఆ ఇంటివి. షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ ఇంటిపేర్లు కావు. వంశం పేర్లో, గౌరవవాచకాలో, ప్రవక్త పేరో. తెలుగు రిజిస్టరుకి ఇంటిపేరు అనే గడి ఉంది కాబట్టి, ఆ గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి అవి అక్కడికి జరిగాయి. నూర్‌బాషాలకి కులమే ఇంటిపేరయింది. అలా ఒక ఊళ్లో బంధుత్వం లేని నూరు కుటుంబాలకి ఒకే ఇంటిపేరు వచ్చింది. తర్వాత దాన్నే రెండక్షరాలకి కుదించారు. మావాళ్లు దానితోనే బతకడం నేర్చుకున్నారు. షేక్ యూసుఫ్ బాబా అనే కవి, కథకుడు ఆ రెండక్షరాలనూ పట్టుకుని 'స్కైబాబ' అయ్యాడు. పంతులుగారు కుదించిన పేరును ఆకాశం చేసుకోవడం కవికి చెల్లింది. పాస్‌పోర్టు ఫారానికి మాత్రం పొడి అక్షరాలు పనికిరావు. విప్పి రాయమంటుంది. ఎస్‌కెను ఎలా విప్పాలి? ఐదు తీర్లలో ఏ తీరుగా? పెద్దన్న ఒకలా విప్పాడు, చిన్నోడు ఇంకోలా విప్పాడు. ఒకే తల్లి బిడ్డలు రెండు ఇంటిపేర్లవాళ్లయ్యారు.

మీలో కొందరికి ఇదంతా చాదస్తంగా అనిపించొచ్చు. 'స్పెల్లింగు సరిగ్గా రాసుకోవచ్చు కదా' అని చదువుకున్న మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. వాళ్లకి ఊళ్ల పేర్లు గుర్తు చేస్తాం. మా జిల్లాను తెల్లదొరలు కిస్ట్నా అని రాశారు. బెజవాడ విజయవాడ అయి దశాబ్దాలు గడిచినా రైల్వేవాళ్ల కోడు మాత్రం బీ, జడ్, ఏ. మా రేవు బందరు. పారసీలో బందరు అంటేనే రేవు. అదే మచిలీపట్నం, అదే మసూలిపటం. డచ్చివాళ్లు 1605లో వచ్చారు, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు, గోల్కొండ సర్కారు దస్తావేజులు రాసుకుంది, ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు రాశారు. మూడు పేర్లున్నాయని బందరును ఎవరూ నిలదీయలేదు. ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ తెమ్మనలేదు. ఊరికి చరిత్ర ఉంటుందని ఒప్పుకుంటారు. మస్తాన్‌బీకి మాత్రం చరిత్ర ఉండకూడదు, ఒక్క స్పెల్లింగే ఉండాలి.

పాస్‌పోర్టు అనే పుస్తకాన్ని కూడా ఒక రచనగా చదవాలి. దానికి ఒక వ్యాకరణం ఉంది. ముందు సర్‌నేమ్, తర్వాత గివెన్ నేమ్. మనిషికి రెండు పేర్లుంటాయని, అందులో ఒకటి తండ్రి వంశానిదని, అది ముందుదో వెనకదో తేలిపోయి ఉంటుందని ఈ వ్యాకరణం నమ్ముతుంది. పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరసలుంటాయి చూడండి. ఒక్కో వరసకి 44 గడులు. పై వరసలో పాస్‌పోర్టు గుర్తుకీ దేశానికీ ఐదు పోతే పేరుకి మిగిలేది 39. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కొలత ఇది. అందులో అరబ్బీ లేదు, తెలుగు లేదు, ఇంగ్లీషు పెద్దక్షరాలు మాత్రమే. మనిషి నోట్లో ఉన్న శబ్దం ఆ 39 గడుల్లోకి దిగేసరికి ఏం మిగులుతుందో దానికే ప్రపంచం తలుపు తీస్తుంది. ఒకప్పుడు మనవాళ్లకి చేత్తో రాసిన పాస్‌పోర్టులుండేవి. క్లర్కు రాత వంకరగా ఉన్నా ఎయిర్‌పోర్టులో మనిషే దాన్ని చదివేవాడు, మొహం చూసి సర్దుకునేవాడు. 2015 నవంబర్ 24తో ప్రపంచమంతా ఆ రాత పాస్‌పోర్టులకి గడువు తీరింది. యంత్రం సర్దుకోదు.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మా ఆడవాళ్ల దగ్గర చాలా ఉన్నాయి. 'నీ పేరేంటమ్మా' అని అడిగితే హుస్సేన్‌బీ అని చెప్పింది, అదే గివెన్ నేమ్‌లో వేశారు, సర్‌నేమ్ వదిలేశారు. ఇలాంటి పాస్‌పోర్టు అమెరికా కాన్సులేట్‌కి వెళితే వాళ్ల పద్ధతి ప్రకారం ఉన్న ఒక్క పేరూ సర్‌నేమ్‌లోకి జరుగుతుంది. మొదటి పేరు ఉండాల్సిన చోట మూడక్షరాలు పడతాయి. ఎఫ్, ఎన్, యు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే పేరు తెలియదు. ఆమె పేరు ఆమెకి తెలుసు, కన్నవాళ్లకి తెలుసు, వీధికి తెలుసు. వీసా మీద మాత్రం తెలియదని అచ్చువేశారు. హెచ్‌1బి మీద వెళ్లిన మొగుడి వెనక హెచ్‌4 మీద వెళ్లిన ఇలాంటి ఇల్లాళ్లు అక్కడ డాక్టరు దగ్గర, బ్యాంకులో, బస్సు పాసు మీద 'ఎఫ్ఎన్‌యు' అయిపోతారు. 'ఫ్నూ' అని పిలిపించుకుంటారు. ఇది ముస్లింలకే జరిగేది కాదు. ఒక్క పేరున్న తమిళులకీ జరుగుతుంది, తెలుగు హిందువులకీ జరుగుతుంది. కానీ ఎవరి ఆడవాళ్లకి ఇంటిపేరు అతుకులబొంతో, ఎవరి ఆడవాళ్లు టెన్త్ సర్టిఫికెట్ దాకా వెళ్లలేదో వాళ్లకే ఎక్కువ జరుగుతుంది.

గల్ఫ్ దారి మాకు దగ్గరయిన తీరు కూడా చెప్పాలి. మా ఊరి పక్కనే గన్నవరం విమానాశ్రయం. 2022 అక్టోబర్ చివర అక్కణ్నుంచి షార్జాకి నేరుగా విమానం మొదలైంది. హైదరాబాదు పోకుండా ఇంటి ముందే ఎక్కొచ్చని జనం సంబరపడ్డారు. మూడు వారాలు తిరగలేదు. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వమని నవంబర్ 21న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి కబురొచ్చింది. విమాన సంస్థలు సర్క్యులర్లు పంపాయి. అక్కడే రెసిడెంటు వీసాలున్నవాళ్లకి వర్తించదన్నారు. తర్వాత, పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించారు. గడిలో ఏమీ లేని హుస్సేన్‌బీని చివరికి ఆమె తండ్రి పేరు విమానం ఎక్కించింది.

మా పేర్లు ఎక్కణ్నుంచి వచ్చాయో అక్కడికే తిరిగి వెళ్లినప్పుడు జరిగే తమాషా వేరే ఉంది. షేఖ్ అరబ్బీ మాట. పెద్దవాడు, గురువు అని అర్థం. అది దక్కనుకి వచ్చింది, ఉర్దూలో కుదురుకుంది, తెలుగు నోట్లో ఖకారం పోగొట్టుకుంది, ఇంగ్లీషులో 'కె'తో ముగిసింది. కువైట్‌లోనో దోహాలోనో ఎవరైనా ఆ ఇంగ్లీషు అక్షరాలు చూసి అక్షరానికి అక్షరంగా అరబ్బీలోకి ఎక్కిస్తే అది 'షీక్' అవుతుంది. అరబ్బీలో షీక్ అంటే బ్యాంకు చెక్కు. పెద్దమనిషి కాస్తా చెక్కు అయ్యాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. రెసిడెన్సీ కార్డు మీద పడ్డాక దిద్దించుకోవడం నవ్వులాట కాదు. అక్కడివాళ్ల దృష్టిలో సరైన అరబ్బీ రాయడం రాని ముస్లింలం మేం. ఇక్కడివాళ్ల దృష్టిలో అరబ్బు పేర్లు పెట్టుకున్న పరాయివాళ్లం. రెండు చోట్లా మా పేరు అరువుదే.

ఈ తేడాలన్నీ మగవాడికీ ఉంటాయి. ఖరీదు కట్టేది మాత్రం ఎక్కువగా ఆడది. ఎలాగంటారా? మొగుడు ముందే వెళ్లాడు, అతని పాస్‌పోర్టు, అతని రెసిడెన్సీ, అతని స్పెల్లింగు స్థిరపడ్డాయి. అది అసలు ప్రతి అయింది. ఇక ఆమె కాగితాలన్నీ దానికి నకలు కావాలి. ఆమె పాస్‌పోర్టులో భర్త పేరు అతని పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. నికానామా ఉర్దూలో ఉంది కాబట్టి ఖాజీ రిజిస్టరును బట్టి వక్ఫ్ బోర్డు ఇచ్చే ఇంగ్లీషు సర్టిఫికెట్ తేవాలి. అందులో రెండు పేర్లూ రెండు పాస్‌పోర్టులతో కుదరాలి. కువైట్‌కైతే దానికి రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర పడాలి. మధ్యలో ఒక్క అక్షరం జారితే మళ్లీ మొదటికి. పాస్‌పోర్టులో ఉన్నది దిద్దరు, కొత్త పుస్తకమే ఇస్తారు. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1500 రూపాయలు. అది లెక్కలోది. విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి తిరిగిన చార్జీలు, ఏజెంటు, నోటరీ, పోయిన కూలి లెక్కలోకి రావు. పుస్తకం నంబరు మారితే పాత నంబరు మీద వచ్చిన వీసా మళ్లీ తెప్పించుకోవాలి. ఈలోగా పుట్టిన బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఏ స్పెల్లింగుతో రాయించాలి? పాతదా, రాబోయేదా? మేం చూసిన ఇళ్లలో ఈ ప్రశ్నకి జవాబు ఫోనులో మొగుడే చెప్పాడు.

ఇంకొకటి. పెళ్లయితే ఆడది ఇంటిపేరు మార్చుకోవాలని ఇస్లాంలో లేదు. నికానామాలో కూడా ఆమె ఫలానావారి కూతురే. ఇంటిపేరు మార్చడం ఈ నేల అలవాటు, ఇక్కడి హిందూ ఇళ్ల నుంచి మేం తీసుకున్నది. అందులో తప్పేమీ లేదు, ఎన్నో తీసుకున్నాం, ఎన్నో ఇచ్చాం. కానీ ఇంటిపేరే కాని షేక్‌ను ఇంటిపేరు చేసి, దాన్ని పెళ్లితో తీసేసి మొగుడి తరపు మొహమ్మద్‌ను తగిలిస్తే ఏమవుతుంది? షేక్ మస్తాన్‌బీ కాస్తా మొహమ్మద్ మస్తాన్‌బీ అవుతుంది. పుట్టింటి సర్టిఫికెట్లు ఒక పేరున, మెట్టినింటి పాస్‌పోర్టు ఒక పేరున. పెళ్లయినవాళ్లు పాస్‌పోర్టుకి మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టనక్కర్లేదని విదేశాంగ శాఖ 2016 డిసెంబర్‌లోనే చెప్పింది. పెళ్లయిందని పేరు మార్చుకోవాలన్న నిర్బంధమూ లేదు. ఈ సంగతి మా ఇళ్లలో ఆడపిల్లలకి ఎవరు చెబుతున్నారు? ఏజెంట్లు చెప్పరు. అత్తగారింట్లో అసలే చెప్పరు. మతం మార్చమనని పేరును, సర్కారు మార్చమనని పేరును మనం మారుస్తున్నాం. వీసా ఆఫీసు మీద పడి ఏడ్చే ముందు మా మగవాళ్లు ఈ మాటకి జవాబు చెప్పాలి.

మా లోపలి సంగతి ఇంకా ఉంది. స్పెల్లింగు దిద్దే వేళ పేరునే దిద్దేస్తున్నారు. 'ఎలాగూ కొత్త పాస్‌పోర్టు తీస్తున్నాం కదా, ఈ మస్తాన్‌బీ ఏంటి, మంచి పేరు పెట్టుకో' అంటున్నారు. మంచి పేరంటే ఏమిటి? అరబ్బీ నిఘంటువులో దొరికేది. మస్తాన్, నాగూర్ మీరా, మౌలాబీ, సైదాబీ లాంటివి దర్గాల పేర్లు. నాగూరు తమిళనాడులో ఉంది. అక్కడి వలీకి మొక్కుకుని పుట్టిన బిడ్డ నాగూర్ మీరా. తెలుగు నోట్లో నాగుల్ మీరా కూడా అయ్యాడు. 'మీరా అంటే ఆడపేరు కదా' అని కంప్యూటరు ముందున్నవాడు అనుమానంగా చూస్తాడు. కసుమూరు మస్తాన్ వలీకి మొక్కుకుని పుట్టినవాళ్లలో మస్తాన్‌బీలే కాదు, మస్తానమ్మలూ మస్తాన్‌రావులూ ఉన్నారు. మస్తాన్‌రావు హిందువే. పేరు మీదుగా రెండు ఇళ్లకి ఉన్న ఈ చుట్టరికాన్ని మేం 'తప్పు' అనుకుని కొట్టేస్తే, దాన్ని తెంపాలని చూసేవాళ్ల పని సగం మేమే చేసిపెట్టినట్టు. ఆయిషా, సుమయ్యా మంచి పేర్లే. పుట్టిన బిడ్డకి పెట్టుకోండి. పాతికేళ్లు మస్తాన్‌బీగా బతికిన మనిషికి వీసా కోసం పెట్టకండి.

సెక్యులర్ మిత్రులతో కూడా ఒక మాట. తెలుగు కథలో, సినిమాలో ముస్లిం పాత్రకి చాలాకాలం పేరే ఉండేది కాదు, 'సాయిబు' ఉండేవాడు. పేరున్నా రచయిత ఎలా పడితే అలా రాసేవాడు. ఒక పేజీలో కాశిం, ఇంకో పేజీలో ఖాసీం. ప్రూఫులు దిద్దేవాడి కంటికి అది అచ్చుతప్పుగా కూడా కనపడేది కాదు. పేపర్లలో ఇప్పటికీ మహ్మద్, మహమ్మద్, మొహమ్మద్ ఒకే వార్తలో కనిపిస్తాయి. అదే సుబ్రహ్మణ్యంలో హకారం ఎగిరితే ఉత్తరాలు వస్తాయి. మా పేరు తప్పుగా రాస్తే తప్పు కాదు, మేం తెచ్చిన కాగితంలో తేడా ఉంటే మాత్రం తప్పు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చిన దగ్గర్నుంచీ, 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చిన దగ్గర్నుంచీ మేం అస్తిత్వం గురించి రాస్తూనే ఉన్నాం. మా కవుల మీదా మాకు ఫిర్యాదుంది. చరిత్ర మమ్మల్ని ఏం చేసిందో రాశాం. ఫారం ఏం చేసిందో పెద్దగా రాయలేదు. కవిత్వానికి బాబ్రీ మసీదు దొరికినంత తేలిగ్గా సర్‌నేమ్ గడి దొరకలేదు.

అక్షరం తేడా మా విషయంలో అక్షరం తేడాగా ఆగకపోవడమే భయం. 2004 సెప్టెంబర్‌లో గాయకుడు యూసుఫ్ ఇస్లాం లండన్ నుంచి ఎక్కిన విమానాన్ని అమెరికా దారి మళ్లించింది. ఆయన పేరు నిషేధ జాబితాలో ఉందన్నారు. జాబితాలో ఉన్న పేరు స్పెల్లింగు ఆయనది కాదని తర్వాత పత్రికలు రాశాయి. 2009 ఆగస్టులో షారుఖ్ ఖాన్‌ను న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో కూర్చోబెట్టి ప్రశ్నించారు. చిత్రమేమిటంటే, వీసా దగ్గర పేరు అక్షరం తేడా వస్తే 'నువ్వు నువ్వు కాదు' అంటారు. జాబితా దగ్గర అక్షరం తేడా ఉన్నా 'నువ్వే వాడివి' అంటారు. ఒకే తేడా, రెండు చోట్లా మాకే ఎదురు.

అస్సాం సంగతి తెలిసిందే. 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర జాబితాలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. అక్కడి ఫారినర్స్ ట్రిబ్యునళ్లలో ఒక ఓటరు జాబితాకీ ఇంకోదానికీ పేరు స్పెల్లింగు, వయసు కుదరలేదన్నది మనిషిని విదేశీయుణ్ని చేయడానికి సరిపోయింది. అలాంటి ఒక కేసులో 2024 జులై 11న సుప్రీంకోర్టు, పేర్ల స్పెల్లింగుల్లో, తేదీల్లో చిన్నచిన్న తేడాలు చూపించి మనిషిని పరాయివాడని తేల్చడం కుదరదని చెప్పింది. ఆ కేసు వేసినాయన పేరు ముందు ఏముందో గమనించారా? ఎండి చుక్క. ఎండి. రహీం అలీ. 2019 చివర్లో మా ఊళ్లలో అమ్మీల ట్రంకుపెట్టెలు తెరుచుకున్నది ఈ భయంతోనే. అప్పటిదాకా గల్ఫ్‌కి పోయేవాళ్లకే కావాల్సిన ఒక్క స్పెల్లింగు, ఎక్కడికీ పోనివాళ్లకి కూడా కావాల్సొచ్చింది.

అమెరికా వీసా ఫారంలో ఒక గడి ఉంది. పేరు మీ సొంత లిపిలో రాయండి అంటుంది. జంక్షన్‌లో చాలామంది దాన్ని వర్తించదని టిక్కు పెట్టి వదిలేస్తారు. తెలుగు ఫాంటు కొట్టడం కష్టమనో, ఎందుకొచ్చిన గొడవ అనో. మేం దాని దగ్గర ఆగుతాం. మా సొంత లిపి ఏది? ఉర్దూ అని రాస్తే మస్తాన్‌బీకి చదవడం రాదు. తెలుగు అని రాస్తే 'ముస్లింలు ఉర్దూ కదా' అనేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. మా మాట అడిగితే తెలుగులో రాయమంటాం. ఉర్దూ చదివినవాళ్లు ఉర్దూలో రాసుకోండి. ఖాళీ మాత్రం వదలొద్దు.

పని సంగతికొస్తే, అడగాల్సింది పెద్దదేమీ కాదు. నికా రోజు ఖాజీ గారి రిజిస్టరులో ఉర్దూ పేరు పక్కన ఇద్దరి పాస్‌పోర్టుల్లోని ఇంగ్లీషు స్పెల్లింగు, పాస్‌పోర్టు లేకపోతే టెన్త్ సర్టిఫికెట్‌లోదో ఆధార్‌లోదో, కాగితం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం దించాలి. ఆ కింద పెళ్లికూతురి పేరు తెలుగులో రాసి, ఆమె చేత చదివించి, అప్పుడు సంతకం పెట్టించాలి. ఇందుకు చట్టం మారనక్కర్లేదు, వక్ఫ్ బోర్డు నుంచి ఒక సర్క్యులర్ చాలు. అది వచ్చేదాకా మసీదు కమిటీలు చేయొచ్చు. పెళ్లి మాటల్లో బైక్ గురించి, బంగారం గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటున్నాం. పిల్ల పేరు స్పెల్లింగుకి పది నిమిషాలు పడుతుంది.